ఖరగ్‌పూర్ ఇందా పేట కుర్రకారూ, కాగితం తీయండి!

ఎక్కడ పారబోస్తున్నాం మన సత్తువ? మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు విడిచి బెంగాల్ నాగపూర్ రైల్వేకొచ్చారు. వర్క్‌షాపులో ఇనుముతో పోరాడి ఈ ఖరగ్‌పూర్‌లో మనకు నిలవనీడ సంపాదించారు. మరి మనం? నోటిఫికేషన్ పడేదాకా ఎదురుచూపులు, పడ్డాక బట్టీ పట్టిన షార్ట్‌కట్లు, అర్ధరాత్రి దాకా రీల్స్! లెక్కంటే సరైన గడి నింపడమేనా? ఇందాలోనే కాలేజీ ఉంది. ఊరవతల 1951 నుంచీ ఐఐటీ ఉంది. దాని గేటు ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తే సరిపోతుందా?

తీయండి కాగితం! ఏడు రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే 127. అది ప్రధాన సంఖ్యేనా? ఒక్క కారణాంకాన్నీ వెతక్కుండా తేలుద్దాం. రెళ్లు ఏడు కాబట్టి రెండు తక్కువ, అంటే అయిదు అడుగులు; చివర శేషం సున్న వస్తే ప్రధానమే. నాలుగుతో మొదలు. వర్గం చేసి రెండు తీసేయండి: 14. మళ్లీ అంతే: 194, 127తో భాగిస్తే శేషం 67. ఆ శేషంతో మళ్లీ అదే పని: 42. మళ్లీ: 111. ఇంకొక్క అడుగు! 111 వర్గంలోంచి రెండు పోతే 12319. భాగించండి. శేషం సున్న! 127 ప్రధాన సంఖ్యే! పైగా దాన్ని 64తో గుణిస్తే 8128 వస్తుంది; దానికన్నా చిన్నవైన దాని కారణాంకాలన్నీ కూడితే మళ్లీ 8128! ఈ అందం ఏ కోచింగ్ సెంటరు చూపించింది మనకి?

ఈ పరీక్షకు బీజం వేసిన గణితవేత్త ల్యూకా, 2 ఘాతం 127లోంచి ఒకటి తీసేస్తే వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధానమని 1876లో తేల్చాడు. కంప్యూటర్ లేదు, చేతి లెక్కే! 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనిపెట్టిన ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు. 2 ఘాతం 13,62,79,841లోంచి ఒకటి తీసేస్తే అదే. దాన్ని ఖాయం చేసిందీ ఈ పరీక్షే: అదే నాలుగు, అదే వర్గం, అదే రెండు తీసివేత! అతను పాల్గొన్న, గింప్స్ అనే ఉమ్మడి ప్రధాన సంఖ్యల వేట సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. మనమూ!

మనవల్ల కాదంటారా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు, ప్రపంచం తన పేరుతో పిలిచే ఫలితాన్ని 1945లో ప్రకటించారు, పాతికేళ్ల వయసులో! ఏ సంఖ్యనైనా ప్రధానమో కాదో సందేహం మిగలకుండా, వేగంగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి సాధించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు! అప్పటికి మన ఈడువాళ్లే! వాళ్లకున్న పెన్నూ కాగితం మనకు లేవా? పట్టుదల లేదా? లేదంటే నేను ఒప్పుకోను!

ముందు 2047తో చేసి చూడండి. పదకొండు రెళ్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. తొమ్మిది అడుగులు వేసినా సున్న రాదు. ఎందుకంటే అది 23, 89ల లబ్ధం. ఆ తర్వాత పదమూడు రెళ్ల వంతు: 8191. పదకొండు అడుగులు. ఈ రాత్రే ఫోన్ పక్కన పడేసి మొదలెట్టండి!