వేదిక మీద స్వాగతం సరే, విభాగంలో ఎవరు పలకరిస్తారు?

కౌన్సెలింగ్ ముగియగానే కాలేజీల్లో కొత్త విద్యార్థులకు ఓరియెంటేషన్ మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్లేస్‌మెంట్ల లెక్కలు, ర్యాగింగ్ వ్యతిరేక ప్రతిజ్ఞ, క్రమశిక్షణ మీద ఒక ఉపన్యాసం. విభాగాధిపతులు తలా ఐదు నిమిషాలు మాట్లాడి దిగిపోతారు. మిగతాదంతా ఒక కన్వీనర్ నెత్తిన, ఇద్దరు ముగ్గురు వలంటీర్ల నెత్తిన పడుతుంది. తరగతులు మొదలయ్యాక ఆ కన్వీనర్ ఎవరో విద్యార్థికి గుర్తుండదు. ఆ విద్యార్థి ఎవరో విభాగానికి ముందే తెలియదు.

ఇది నిర్వహణ లోపంలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న. క్యాంపస్‌లో వివక్ష ఆడిటోరియంలో జరగదు. ల్యాబ్ బ్యాచ్‌లు వేసేటప్పుడు, ఇంటర్నల్ మార్కులు వేసేటప్పుడు, ప్రాజెక్టుకు గైడ్‌ను కేటాయించేటప్పుడు, స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ దగ్గర జరుగుతుంది. అంటే విభాగాల్లో, కార్యాలయాల్లో జరుగుతుంది. విద్యార్థిని ఆహ్వానించే పనిలో మాత్రం ఆ విభాగాలూ కార్యాలయాలూ అతిథుల్లా వచ్చి వెళ్తున్నాయి.

కాగితం మీద ఏర్పాటు లేకపోలేదు. సాంకేతిక విద్యాసంస్థల కోసం ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని రూపొందించింది. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఏఐసీటీఈ నమూనాలో సుమారు 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు మెంటర్‌గా ఉండాలి. విభాగాన్ని పరిచయం చేయడం కూడా అందులో ఒక భాగం. ఆచరణలో మూడు వారాలు మూడు రోజులకు కుదించుకుపోతాయి. మెంటర్ల జాబితా నోటీసు బోర్డు మీద ఉంటుంది, మెంటర్ ఉండడు. యోగా, మానవ విలువలు, మోటివేషన్ ప్రసంగాలకు టైమ్‌టేబుల్‌లో చోటు దొరుకుతుంది. కులం గురించి సూటిగా మాట్లాడే ఒక్క గంట నేను చదివిన, పనిచేసిన ఏ సంస్థ టైమ్‌టేబుల్‌లోనూ కనిపించలేదు.

నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరినవాణ్ణి. ఇప్పుడు ఉన్నత విద్యలో మొదటి తరం విద్యార్థుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లకు ఓరియెంటేషన్ ఉండదు, అది మొదటి సంవత్సరం వాళ్లది. చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినవాళ్లదీ అదే పరిస్థితి. వాళ్లు చేరేసరికి పరిచయాలు అయిపోయి ఉంటాయి, ల్యాబ్ బ్యాచ్‌లు కుదిరిపోయి ఉంటాయి, హాస్టల్ గదులు నిండిపోయి ఉంటాయి. ఫీజుకు డబ్బు సర్దుకోలేక, సర్టిఫికెట్లు సమయానికి చేతికి రాక ఆలస్యమైనవాళ్లు వీళ్లలో ఎందరో ఉంటారు. స్వాగతం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లు వచ్చేసరికి షామియానా విప్పేసి ఉంటుంది.

మొదటి నెలలో ఒక దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థిని వేధించే ప్రశ్నలు చాలా మామూలువి. ఈపాస్‌లోనో, జ్ఞానభూమిలోనో దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి? ఆదాయ ధ్రువపత్రం పాతదైతే చెల్లుతుందా? బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించకపోతే ఏమవుతుంది? రీయింబర్స్‌మెంట్ రాకపోతే హాల్ టికెట్ ఆపేస్తారా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు తప్పనిసరి. ఆ కాగితాల కోసమే మీసేవ చుట్టూ, తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరిగి హాజరు పోగొట్టుకునే పిల్లలు ప్రతి కాలేజీలో ఉంటారు. ఈ ముడి విప్పాలంటే స్కాలర్‌షిప్ సెక్షన్, పరీక్షల విభాగం, తరగతి అధ్యాపకుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అలా కూర్చునే సందర్భం ఓరియెంటేషన్ ఒక్కటే, దాన్ని మనం ఉపన్యాసాలకు ఖర్చు చేస్తున్నాం.

గడువు, ఫీజు అనేవి ఎంత దూరం తీసుకెళ్లగలవో 2024లో దేశమంతా చూసింది. 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు కోల్పోయిన దళిత విద్యార్థిని చేర్చుకోమని సుప్రీంకోర్టు 142వ అధికరణ కింద ఆదేశించాల్సి వచ్చింది. అందరూ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేరు. చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13 వేల మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారని 2023 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. విద్యార్థులకు అనేక అవకాశాలు ఉంటాయి, వేరే సంస్థలకు మారుతుంటారు అన్నది ప్రభుత్వ వివరణ. కొందరు మారి ఉండవచ్చు. మిగిలినవాళ్లు ఏ విభాగంలో, ఎన్నో వారంలో, ఎందుకు తలుపు దాటారో అడిగినవాళ్లెవరు?

విభాగం అన్న మాట మన చరిత్రలో తేలికైనది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేశ్ మరణించినప్పుడు గైడ్ కేటాయింపు ప్రశ్న ఇద్దరి విషయంలోనూ ముందుకొచ్చింది. ఇద్దరూ సైన్స్ పరిశోధకులు. పరిశోధనలో విభాగం తలుపు తెరవకపోతే విశ్వవిద్యాలయం గేటు తెరిచి ఉన్నా లాభం లేదు. డిప్లొమా విద్యార్థికి వర్క్‌షాపు ఎంతో, పరిశోధకుడికి గైడ్ అంత.

యూజీసీ 2012 సమానతా నిబంధనలు ఈ విషయాన్ని గుర్తించాయి. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. తరగతిలో విద్యార్థి కులాన్ని బయటికి చెప్పడం, రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయడం, వేరుగా కూర్చోబెట్టడం వివక్ష కిందికి వస్తాయని పేర్కొన్నాయి. రోహిత్ వేముల తల్లి, పాయల్ తడ్వి తల్లి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ నిబంధనలు అమలు కావడం లేదనే. 2026 జనవరిలో యూజీసీ తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో సుప్రీంకోర్టు నిలిపివేసి 2012 నాటివే కొనసాగించమంది. కొత్తవాటి మీద వాదన ఎలా తేలినా, పాతవాటిని అమలు చేయడానికి ఏ విభాగాధిపతికీ ఏ అడ్డూ లేదు.

అందుకే విభాగాల నుంచి కోరవలసినవి స్పష్టంగా కోరాలి. మొదటిది, ప్రతి విభాగం తన ల్యాబ్, తన పాఠ్యక్రమం, ఇంటర్నల్ మార్కులు వేసే పద్ధతి తానే విడమరిచి చెప్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు సాంకేతిక పదాల పట్టిక రెండు భాషల్లో ఇవ్వాలి. రెండోది, ల్యాబ్ బ్యాచ్‌లు, ప్రాజెక్టు జట్లు ఎవరికి నచ్చినవాళ్లతో వాళ్లు కట్టుకునే పద్ధతి పోవాలి, లాటరీతో వేయాలి. మూడోది, 2012 నిబంధనల్లోని నిషేధాలను విభాగాధిపతి తన నోటితో చదివి వినిపించాలి, వివక్ష నిరోధక అధికారిని ముఖాముఖి పరిచయం చేయాలి. నాలుగోది, స్కాలర్‌షిప్, పరీక్షలు, లైబ్రరీ, హాస్టల్ సిబ్బంది ఆ వారాల్లో విద్యార్థుల దగ్గరికి రావాలి. ఐదోది, చివరి విడతలో, లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్ల కోసం ఇదంతా మరోసారి జరగాలి.

కులం ప్రస్తావన తెస్తే పిల్లల్ని విడదీసినట్టవుతుందని కొందరు అధ్యాపకులు అంటారు. మొదటి రోజు ర్యాంకు ఎంత అని అడిగే ప్రశ్న ఇప్పటికే విడదీస్తోంది. దాని గురించి మాట్లాడకపోవడం అడిగేవాడికి మేలు, జవాబు చెప్పేవాడికి కాదు. పని భారం అన్న అభ్యంతరం మాత్రం నిజమైనది. అనేక ప్రభుత్వ డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీలు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లను ఉచితంగా మెంటర్లు కమ్మనడం అన్యాయం. మెంటరింగ్‌ను బోధన గంటల్లో కలిపి లెక్కకట్టాలి, ఖాళీలు భర్తీ చేయాలి. ఆ ఖాళీల్లో రోస్టర్ ప్రకారం రావలసిన ఎస్సీ, ఎస్టీ, బీసీ అధ్యాపకులు వస్తే కొత్త విద్యార్థికి విభాగంలో తనవాడనిపించే ముఖం కూడా ఒకటి దొరుకుతుంది.

1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ముంబైలో సిద్ధార్థ కాలేజీని స్థాపించినప్పుడు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ల కోసం ఉదయం పూట తరగతులు పెట్టారు. విద్యార్థి బతుకును బట్టి కాలేజీ తన గడియారాన్ని మార్చుకుంది. మన ఓరియెంటేషన్లు ఇప్పటికీ విద్యార్థినే మారమంటున్నాయి.

విద్యార్థి సంఘాలకు, పరిశోధక మిత్రులకు నా విజ్ఞప్తి ఒకటే. వచ్చే విద్యా సంవత్సరం ఓరియెంటేషన్ టైమ్‌టేబుల్‌ను ముందే అడిగి తీసుకోండి. ఈ ఐదింటిలో ఏవి ఉన్నాయో, వాటికి ఏ విభాగం తరఫున ఎవరి పేరు ఉందో చూడండి. పేరు లేని చోట పేరు రాయించండి. కొత్తగా వచ్చే పిల్లవాడికో పిల్లకో మొదటి వారంలోనే ఎవర్ని అడగాలో తెలిస్తే, రెండో సెమిస్టర్‌లో వాళ్లను మనం క్యాంపస్‌లోనే కలుస్తాం.