చలి, చెట్లు, జట్టు

చలి ముదిరిన రోజున స్కీయింగ్‌కి వెళ్లినవాళ్లకి లిఫ్ట్ దిగగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. యంత్రాలు చదును చేసిన వెడల్పాటి దారిలో దిగాలా, పక్కనే ఉన్న అడవిలోకి తిరగాలా? అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రంలో ప్రతి శీతాకాలం ఈ చర్చ నడుస్తుంది. బోస్టన్ నుంచీ న్యూజెర్సీ నుంచీ వారాంతాల్లో కార్లేసుకుని వెళ్లే తెలుగువాళ్లలోనూ ఇప్పుడు వినిపిస్తోంది. మొదట్లో చిన్న వాలు మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నవాళ్లు, కాళ్లు కుదిరాక, చెట్లవైపు చూడటం మొదలుపెడతారు. పొదలూ కింది కొమ్మలూ కొంతమేర తీసేసి మనిషి దూరేంత సందు చేసిన అడవి భాగాన్ని గ్లేడ్ అంటారు. అందులోంచి మలుపులు తిరుగుతూ దిగడమే ట్రీ స్కీయింగ్.

నాకు చెట్లంటేనే ఇష్టం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ వద్దనేవాళ్ల మాటలో బలముంది. చలి పెరిగేకొద్దీ ఆ బలమూ పెరుగుతుంది. అందుకే రెండు వైపులా తీరిగ్గా చూడాలి.

ముందు గాలి సంగతి. థర్మామీటరు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చూపిస్తున్నప్పుడు గంటకి 24 కిలోమీటర్ల గాలి తోడైతే, ఒంటికి అది మైనస్ 28లా తగులుతుంది. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం, ఆ స్థితిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. బయట వాలు మీద వేగంగా జారేవాడు వీచే గాలికి తన వేగంతో ఇంకొంత గాలి కలుపుకుంటాడు. అడవిలో ఈ రెండూ తగ్గుతాయి. స్ప్రూస్, ఫర్ చెట్లు గాలిని ఆపుతాయి, సందులు ఇరుకు కాబట్టి మన వేగమూ తగ్గుతుంది. గాలి మరీ హెచ్చి శిఖరం లిఫ్టులు ఆపేసిన రోజున కూడా, కింద అడవిలో కొమ్మల మీది మంచు కదలకుండా ఉండటం చూడొచ్చు.

రెండోది వెలుతురు. మబ్బు కమ్మిన పూట బయట నేలా ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. గుంట ఎక్కడుందో, మిట్ట ఎక్కడుందో కాలికి తగిలేదాకా తెలియదు. చెట్ల మధ్య నల్లటి మానులు కంటికి ఆధారమవుతాయి. ఇక మంచు. తూర్పు తీరపు కొండల మీద చదును చేసిన దారులు మధ్యాహ్నానికల్లా అరిగి గట్టి ఐసు తేలుతాయి. గాలి బయటి వాలు మీంచి ఊడ్చుకొచ్చిన మెత్తటి మంచంతా అడవిలోనే దిగుతుంది. ఐసు మీద పడితే తుంటి విరగొచ్చు, అడవి మంచులో పడితే దులుపుకుని లేవొచ్చు. ఆ మెత్తదనం కోసమే వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ లాంటి చోటికి జనం వెతుక్కుంటూ వెళ్తారు. 1948 నాటి ఒంటిమనిషి కుర్చీ లిఫ్టుని బాగుచేసి నిలుపుకున్న కొండ అది. 1995 నుంచి దాన్ని స్కీయర్లే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకుంటున్నారు. అక్కడ యంత్రంతో చేసే మంచు చాలా తక్కువ. చెట్లూ, ఆకాశం నుంచి రాలిన మంచూ ఉంటే చాలనుకునేవాళ్ల చోటు.

చెట్లలో మనసు వేరే చోటికి పోదు. మానుని చూడొద్దు, మానుల మధ్య ఖాళీని చూడమని నేర్పుతారు. కళ్లు ఎటుంటే కాళ్లు అటే పోతాయి. వారమంతా తెర ముందు కూర్చుని, ఒక పని చేస్తూ నాలుగు పనుల గురించి ఆలోచించేవాళ్లకి ఈ ఏకాగ్రత ఎంత విలువైనదో నేను తక్కువ చేసి చెప్పలేను.

ఇప్పుడు ఎదుటి పక్షం. అడవి అనగానే అందరికీ తట్టేది చెట్టుకి గుద్దుకోవడం. ఆ భయం న్యాయమైనదే, కానీ పూర్తి నిజం కాదు. 1997 డిసెంబరు 31న ఆస్పెన్ స్కీ కొండ మీద అమెరికా రాజకీయ నాయకుడు రాబర్ట్ కెనెడీ కొడుకు మైకేల్ కెనెడీ చెట్టుకి గుద్దుకుని చనిపోయారు. సొంతవాళ్లతో, మిత్రులతో కలిసి జారుతూ బంతాట ఆడుతుండగా, మామూలు స్కీ దారిలోనే అది జరిగింది. వారం తిరక్కుండా 1998 జనవరి 5న గాయకుడు, అమెరికా కాంగ్రెస్ సభ్యుడు సనీ బోనో హెవెన్లీ అనే కొండ మీద చెట్టుకి గుద్దుకుని పోయారు. ఆయన తనవాళ్లని విడిచి ఒంటరిగా చెట్లలోకి వెళ్లారు. కొన్ని గంటల తర్వాత గానీ ఆచూకీ దొరకలేదు. ఒకరు దారి మీద, గుంపులో. మరొకరు అడవిలో, ఒంటరిగా. చదునైన దారి అంచునా చెట్లుంటాయి, అక్కడ వేగమూ ఎక్కువ ఉంటుంది. హెల్మెట్ చిన్న దెబ్బల్ని కాస్తుంది గానీ పూర్తి వేగంతో మానుని ఢీకొంటే దాని శక్తి చాలదు. కాబట్టి గుద్దుకునే ప్రమాదం ఒక్కదాన్నే చూపించి అడవిని తోసిపుచ్చడం సరికాదు.

అసలు భయం మరొకచోట ఉంది. సతత హరిత వృక్షాల కింది కొమ్మలు గొడుగులా అడ్డుపడి, మొదలు చుట్టూ మంచు గట్టిపడకుండా వదులుగా, బోలుగా మిగులుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందులో తలకిందులుగా పడినవాడికి స్కీలు పైన చిక్కుకుంటాయి, చేతులు కూరుకుపోతాయి, కదిలేకొద్దీ మంచు ముఖం మీదికి జారుతుంది. దీన్నే ట్రీ వెల్ అంటారు. అమెరికా, కెనడాల్లో మనుషుల్ని కావాలని అలాంటి గుంటల్లో దించి చేసిన ప్రయోగాల్లో, పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. ఊపిరాడే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది. కొండ కింది నుంచి రక్షక బృందం వచ్చేంత సమయం ఉండదు. తవ్వి తీయగలిగేది ఆ క్షణాన పక్కనున్న మనిషే.

2023 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ దగ్గర ఒక స్నోబోర్డరు అలాగే కూరుకుపోయాడు. అటుగా దిగుతున్న ఒక అపరిచితుడికి మంచులోంచి బోర్డు కొస కనబడింది. ఆగి, పార తీసి, తవ్వి ప్రాణం నిలబెట్టాడు. ఆయన హెల్మెట్ కెమెరాలో పడిన ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. అంత లోతు మంచు పడమటి కొండల్లో మామూలు. వెర్మాంట్‌లో తక్కువే అయినా పెద్ద తుపాను వెళ్లిన మర్నాడు ఇక్కడి స్ప్రూస్ కిందా అదే పరిస్థితి ఉంటుంది. దానికి తోడు పూడిపోయిన దుంగలు, సగం గడ్డకట్టిన వాగులు.

చట్టం ఎటువైపుందో కూడా తెలిసుండాలి. 1974లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ మీద, కొత్తవాళ్ల దారిలోనే, మంచు కింద దాగిన పొదకి తట్టుకుని ఒక యువకుడి కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడ్డాయి. అతనికి జ్యూరీ ఇప్పించిన 15 లక్షల డాలర్ల పరిహారాన్ని 1978లో వెర్మాంట్ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జ్యూరీ తీర్పుకే స్కీ కొండల యజమానులూ బీమా సంస్థలవాళ్లూ కలవరపడ్డారు. అదే ఏడాది రాష్ట్రం చట్టం తెచ్చింది: ఆటలో సహజంగా, స్పష్టంగా ఉండే ప్రమాదాల్ని ఆడేవాళ్లే ఒప్పుకున్నట్టు లెక్క. మరో నిబంధన ప్రకారం, తెరిచి ఉంచిన దారులు దాటి బయటికి వెళ్లి చిక్కుకుంటే, వెతికి తెచ్చిన ఖర్చు వాళ్ల నుంచే రాబట్టుకోవచ్చు. వీసా మీద ఉండి, వైద్య బీమా నిబంధనలు పూర్తిగా చదవని మనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇంతవరకూ తూకం దాదాపు సమంగానే ఉంది. దాన్ని అటో ఇటో మొగ్గించేది జట్టు అని నా నమ్మకం. చలీ చెట్లూ కలిసిన చోట స్నేహితుల మధ్య ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చెప్పాలి.

ఒక జనవరి రోజున మేం నలుగురం ఉత్తర వెర్మాంట్‌లో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉన్నాం. నేను, కాలేజీ నాటి మిత్రుడు, ఆయన భార్య, ఇంకా కొత్తవాడైన ఖమ్మం కుర్రాడు. అంత చలిలో స్కీలు సరిగా జారవు. స్కీ కింద తేమ పొర ఏర్పడక మంచు అడుగుని పట్టేస్తుంది. వాలు తక్కువున్న చోట తోసుకుంటూ నడవాలి. నేర్పున్నవాళ్లం ముందు దిగి ఓ చోట ఆగేవాళ్లం. కుర్రాడు వెనక తంటాలు పడుతూ వచ్చేవాడు. ఆగినవాళ్లకి వేళ్లు కొంకర్లు పోయేవి. వస్తున్నవాడికి లోపల చెమట పట్టేది. అతను రాగానే, చలికి నిలవలేక మేం కదిలేవాళ్లం. అంటే అందరికంటే విశ్రాంతి అవసరమైన మనిషికి అందరికంటే తక్కువ విశ్రాంతి. అతని చెమట చల్లారేది కూడా మళ్లీ బయల్దేరాకే. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. జట్టులో వేగాలు వేరైనప్పుడు చలి చేసే పని ఇది.

“ఎలా ఉంది తమ్ముడూ?” అని అడిగితే “పర్లేదన్నా, పదండి” అనేవాడు. తనవల్ల అందరూ గడ్డకట్టుకుపోతున్నారని తెలిసిన మనిషి అంతకన్నా ఏమంటాడు?

మిత్రుడి భార్య మాత్రం కుర్రాడి దగ్గరికి వెళ్లి, గాగుల్స్ పైకెత్తమని ముఖంలోకి చూసింది. చెంప మీద రూపాయి బిళ్లంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. అతనికి ఆ సంగతే తెలియదు. చర్మం మొద్దుబారితే నొప్పి కూడా ఉండదు, పక్కవాళ్లు చూసి చెప్పాల్సిందే. ఆమె చేతి తొడుగు తీసి, రుద్దకుండా అరచేతిని చెంపకి ఆనించి ఉంచింది. “ఈ గ్లేడ్ చాలు. నేనూ తమ్ముడూ పెద్ద దారిలోంచి లాడ్జికి పోతున్నాం, మీరూ వస్తే రండి” అంది. “పర్లేదు వదినా” అనబోయి అతను ఊరుకున్నాడు. అందరం కలిసే దిగాం. ఆ మాట ఎవరో ఒకరు అంటే బాగుండునని మాలో ప్రతి ఒక్కరికీ అప్పటికే ఉంది.

స్నేహితులు రక్షణా అవుతారు, ప్రమాదమూ అవుతారు. గుంటలో పడితే తవ్వేదీ వాళ్లే, తెల్లబడిన చెంపని గుర్తించేదీ వాళ్లే. “పర్లేదు” అనిపించేదీ వాళ్ల సమక్షమే. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన వందలాది మంచుచరియల ప్రమాదాల్ని పరిశీలించి ఇలాంటి మాటే చెప్పారు. తెలిసిన చోటన్న ధీమా, తోటివాళ్ల మెప్పు, ముందున్న నేర్పరి మీద గుడ్డి నమ్మకం, ఇంత దూరం వచ్చాంగా అన్న పట్టుదల తీర్పుని ఎలా తప్పుదోవ పట్టిస్తాయో వివరించారు. ఆయన చూసినవి మంచుచరియలే గానీ, అడవిలో మా మధ్య నేను చూసినదీ అదే.

అడవి తరఫున కూడా ఒక మాట. స్కీ అంచులు మంచులోంచి తలెత్తిన లేత మొక్కల చివుళ్లని కోసేస్తాయి. పొదలు అతిగా నరికితే రేపటి చెట్లే ఉండవు. శిఖరాల దగ్గరి స్ప్రూస్, ఫర్ అడవిలో వేసవిలో గూడు కట్టుకునే బిక్నెల్స్ థ్రష్ అనే అరుదైన పిట్టకి వేరే చోటు దొరకడం కష్టం. 2007లో వెర్మాంట్‌లోని బిగ్ జే కొండ మీద ఇద్దరు మనుషులు అనుమతి లేకుండా వందలాది చెట్లు నరికి స్కీ దారి చేసుకుని కేసుల పాలయ్యారు. అదే రాష్ట్రంలో, బ్రాండన్ గ్యాప్ దగ్గర, రాస్టా అనే స్థానిక సంఘం అటవీ శాఖ అనుమతితో, ఏది కోయాలో ఏది ఉంచాలో గుర్తులు పెట్టి గ్లేడ్లు వేసింది. చెట్ల మధ్య ఆడుకునేవాళ్లు ఏ దారి పట్టాలో నాకు సందేహం లేదు. ఒకరి రంపంతో దొంగతనంగా తెరిచిన గ్లేడ్‌లోకి ఎంత మంచి మంచు పడినా వెళ్లకూడదు.

మరి చలి రోజున చెట్లలోకి వెళ్లాలా? వెళ్లమనే అంటాను, కొన్ని షరతుల మీద. ముందుగా, చదునైన దారుల్లో ఎక్కడంటే అక్కడ ఆగగలగాలి, అదీ శిక్షకుడి దగ్గర నేర్చుకుని. స్నేహితుడు నేర్పుతానంటే ఆ స్నేహానికి దండం పెట్టి క్లాసులో చేరండి. జట్టులో అందరికన్నా నిదానంగా దిగేవారు ముందు నుంచి రెండో స్థానంలో ఉండాలి, చివర్లో కాదు. ఆగిన ప్రతిచోటా అందరికన్నా చివర వచ్చినవారు సరేనంటేనే కదలాలి. ఒకరికొకరు కనబడే దూరంలో ఉండాలి, కనబడకపోతే వినబడాలి. కోటు జిప్పుకి ఈల కట్టుకోండి. స్కీ కర్రల పట్టీలు మణికట్టుకి తగిలించుకోవద్దు, గుంటలో పడితే చేతులు బందీ అవుతాయి. ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. వెర్మాంట్‌లో డిసెంబరులో సూర్యుడు నాలుగుంబావుకే అస్తమిస్తాడు. రెండు దాటాక కొత్త గ్లేడ్ మొదలుపెట్టొద్దు. ఒకరి చెంపలు ఒకరు చూసుకోండి.

కనీసం ముగ్గురుండాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూర్చోవాలి, ఒకరు సాయం తేవాలి. మూడో మనిషి అలిసి లాడ్జికి వెళ్లిపోతే, మిగిలిన ఇద్దరూ ఆ పూటకి పెద్ద దారిలోనే దిగండి.