ఉమ్మడి గోడ

వారసత్వ సంపద అనగానే ఓరుగల్లు వాసి మనసులో కోటలోని కీర్తితోరణాలు మెదులుతాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప ఆలయం మెదులుతాయి. అది సహజమే. 2021లో రామప్ప ఆలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు మతభేదం లేకుండా ఈ ప్రాంతమంతా సంతోషించింది. అయితే అదే జాబితాలో అంతకు ఐదేండ్ల ముందే, 2016లో, ఒక జంట ఇల్లు కూడా చేరినదని మనలో ఎందరికి తెలుసు? అది రాజు ఉండేందుకు కట్టినది కాదు, దేవుని కొలువు కొరకు కట్టినదీ కాదు. రెండు సంసారాలు ఒకే గోడకు ఇటూ అటూ కాపురముండేందుకు కట్టిన నివాసం.

ఆ ఇల్లు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఉన్నది. 1927లో అక్కడ జరిగిన గృహనిర్మాణ ప్రదర్శన కొరకు లె కార్బూజియే, ఆయన బంధువు పియేర్ జన్నరే కలిసి దానికి రూపకల్పన చేశారు. మన చండీగఢ్ నగరాన్ని తీర్చిదిద్దిన లె కార్బూజియేయే ఆయన. 2016లో ఆయన కట్టడాలు ఏడు దేశాలలోని పదిహేడింటిని ఒక్కటిగా జాబితాలో చేర్చినప్పుడు, చండీగఢ్ కాపిటల్ సముదాయమూ ఈ జంట ఇల్లూ ఒకే వరుసలో నిలిచాయి. ఆ ఇంటిలో పగటిపూట విశాలమైన గదిగా ఉండే చోటు, రాత్రి కాగానే జరుపుడు తడికలతో పడకగదులుగా మారుతుంది. మంచాలు పగలు గోడ బీరువాల అడుగున దాగి ఉంటాయి. పాశ్చాత్యులకు ఇది వింతగా తోచింది. పగలు అతిథులకు దివాన్‌ఖానాగా, మధ్యాహ్నం పిల్లలకు బడిగా, రాత్రి పడకటిల్లుగా ఒకే దాలాన్‌ను వాడుకున్న మన పెద్దలకు ఇందులో వింత ఏమున్నది?

ఆ ఇంటికి గండాలు తప్పలేదు. 1938లో ఆ కాలనీని జర్మన్ ప్రభుత్వం సైనిక కార్యాలయ నిర్మాణం కొరకు తీసుకున్నది. ఇండ్లను కూల్చాలన్న ఆలోచన యుద్ధం వలన ఆగినది కాని, అదే యుద్ధంలో బాంబులు పడి పలు ఇండ్లు నేలమట్టమైనాయి. ఇరువది ఒక్క కట్టడాలలో నేడు మిగిలినవి పదకొండు. 1958లో వాటికి చట్టరక్షణ లభించింది. 2006లో ఈ జంట ఇల్లు ప్రదర్శనశాలగా తెరచుకున్నది. అందులో ఒక సగాన్ని 1927 నాటి రూపానికి తీసుకువచ్చారు. రెండవ సగంలో ఆ కాలనీ చరిత్రను చెప్పే ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఒక సగం గతాన్ని చూపుతున్నది, మరొక సగం కొత్త పనికి అలవాటు పడినది. నడుమ గోడ మాత్రం రెంటికీ ఒక్కటే.

ఈ దృష్టితో మన మట్టెవాడ, గిర్మాజీపేట, మండిబజారు వంటి పాత పేటల వైపు చూడండి. అన్నదమ్ములు పంచుకొనగా రెండైన భవంతులు, మొదటినుండే ఒక గోడకు రెండు దర్వాజలుగా కట్టిన ఇండ్లు మనకు కొత్త కాదు. కాలక్రమంలో ఒక సగం దుకాణమో గోదామో ట్యూషన్ కేంద్రమో అవుతుంది. రెండవ సగంలో సంసారం సాగుతుంది. ఉపయోగం మారడం తప్పు కాదు. వాడుకలో లేని ఇల్లే ముందు కూలుతుంది. రోజూ ఊడ్చి, ఏటేటా వానాకాలానికి ముందు పెంకులు సర్ది, సున్నం వేసే చేతులున్న ఇల్లు నిలుస్తుంది. చిక్కు అంతా ఒక సగాన్ని పూర్తిగా కూల్చి, దాని స్థానంలో సిమెంటు మేడ లేపినప్పుడు వస్తుంది.

మట్టితో, డంగు సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మను పీల్చి మరల గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు గిలాబు వేస్తే చెమ్మ లోపలనే చిక్కుకొని, ఉప్పు పొంగి, గోడ పొరలు పొరలుగా రాలుతుంది. పాత పునాది లోతు తక్కువ; పక్కనే పిల్లర్ల కొరకు లోతైన గోతులు తవ్వితే దాని కింది మన్ను జారుతుంది. ఉమ్మడి గోడలో రెండు వైపుల నుండి దూలాలు దిగి ఉంటాయి. ఒక వైపు దూలాలు ఊడబీకితే గోడలో మిగిలిన గుంతలు వాననీటికి దారులౌతాయి. ఈ విధంగా ఒకరు తమ సొంత సగాన్ని కూల్చుకుంటే, పొరుగువారి సగం ఎవరూ ముట్టకుండానే కూలుతుంది. కనుక జంట ఇంటి రక్షణ ఒక యజమాని చేతిలోని పని కాదు.

ఉర్దూలో పొరుగువానిని 'హమ్‌సాయా' అంటారు. ఒకే నీడను పంచుకొనేవాడని ఆ మాటకు అర్థం. పొరుగువాడు తన దూలాన్ని నీ గోడలో దింపుకొనదలిస్తే అడ్డుచెప్పవద్దని ప్రవక్త బోధించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. ఆస్తి అమ్మేటప్పుడు భాగస్వామికీ, దారీ నీరూ పంచుకొనేవానికీ, ఆనుకొని ఉన్న పొరుగువానికీ ముందుగా కొనే అవకాశమిచ్చే షుఫా హక్కును హనఫీ న్యాయశాస్త్రం గుర్తించింది. 1962లో మన సుప్రీంకోర్టు, కేవలం పొరుగున ఉన్నాడన్న కారణంతో ఇట్టి హక్కు చెల్లదని, సహభాగస్వామి విషయంలో చెల్లుతుందని తీర్పు చెప్పినది. ఎవరికైనా అమ్ముకొనే స్వేచ్ఛ పౌరునికి ఉండవలసినదే. కాని చట్టం బలవంతపెట్టని చోట మర్యాద పని చేయకూడదా? కూల్చే ముందు, అమ్మే ముందు గోడ అవతలివారిని పిలిచి ఒక మాట అడగడానికి ఏ న్యాయస్థానమూ అడ్డు రాదు.

పాత ఇంటివారి కష్టాన్ని విస్మరించి మాట్లాడడం అన్యాయం. వారసులు పదిమంది, ఆదాయం స్వల్పం, మరమ్మతుకు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. అట్టివారికి 'మీ ఇల్లు వారసత్వ సంపద' అని చెప్పి వెళ్ళిపోతే ఆ మాట భారమే తప్ప గౌరవం కాదు. ప్రజావసరాన్నీ కాదనలేము. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి నిర్మాణం కొరకు కూల్చివేశారు. ఆసుపత్రి అక్కరలేదని ఎవరనగలరు? కాని పాతదాని గురించి ఆలోచించకుండానే కూల్చడం వేరు, ఆలోచించి నిర్ణయించడం వేరు. హైదరాబాదులో ఫఖ్రుల్‌ముల్క్ నివాసమైన ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న 2019 నాటి నిర్ణయాన్ని అదే ఏడు హైకోర్టు కొట్టివేసింది. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆరంభమైనది. సంసారం వెళ్ళిపోయిన ఇంటికి చదువు వచ్చి చేరింది, ఇల్లు మిగిలింది.

ఈ విషయంలో నా అభిప్రాయం ఇది. జంట ఇంటిలో ఒక సగానికి కూల్చివేత అనుమతి ఇచ్చే ముందు నగరపాలక సంస్థ రెండవ సగం వారి మాట తప్పక వినాలి. ఉమ్మడి గోడకు ఆధారం కల్పించే బాధ్యతను కూల్చేవారిపై ఉంచాలి. 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం కోటలకు, దేవిడీలకే పరిమితం కాక ఇట్టి సామాన్య నివాసాల వైపు కూడా చూడాలి. పాత ముఖభాగాన్ని నిలిపి లోపల దుకాణమో పఠనాలయమో నడుపుకొనేవారికి పన్నులో కొంత మినహాయింపు ఇవ్వడం న్యాయం.

మన కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. ప్రతి సంవత్సరం కొందరు విద్యార్థులను ఒక్కొక్క పాత పేటకు పంపి, యజమానుల అనుమతితో జంట ఇండ్ల కొలతలు, చిత్రాలు, వాటి ఉపయోగం ఎట్లు మారినదన్న వివరాలు సేకరింపజేయండి. ఉర్దూ విద్యార్థి కాగితాలు చదువుతాడు, తెలుగు విద్యార్థి ముసలివారి మాటలు రాసుకుంటాడు. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. విద్యార్థులారా! ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలిపి చూడడం అంతకంటే కష్టమైన పని. రెండు భాషలు ఒకే అట్ట నడుమ ఇమిడిన ఈ సంచికను చదివే మీకు, రెండు కాపురాలు ఒకే గోడను ఎట్లు కాపాడుకోవాలో మరొకరు చెప్పనక్కరలేదు.