వినేవారెవరు? తీర్పు చెప్పేవారెవరు?

పురానాపూల్ ప్రాంతంలో నివసించే ఒక తల్లి ఇటీవల మమ్మల్ని కలిశారు. కూతురి కాపురం విషయమై కుటుంబ న్యాయస్థానానికి వెళ్లి వచ్చారామె. “లోపల ఒక మేడం గారు మా అమ్మాయి చెప్పిందంతా ఓపికగా విన్నారు. ఇక తీర్పు మాకు అనుకూలంగానే వస్తుంది కదా?” అని అడిగారు. ఆ మేడం న్యాయమూర్తి కారని, కౌన్సెలర్ అని, అల్లుడి మాటను కూడా అంతే ఓపికగా వింటారని చెప్పినప్పుడు ఆ తల్లి ముఖం చిన్నబోయింది.

ఈ పొరపాటు ఆమె ఒక్కరిదే కాదు. న్యాయస్థానం మెట్లెక్కిన తర్వాత మన మాట వినేవారు అనేకులు ఉంటారు. ఎవరి అధికారం ఎంతవరకో తెలియకపోతే లేనిపోని ఆశలు, అనవసర భయాలు కలుగుతాయి. ఒక్కోసారి తీరని నష్టమూ జరుగుతుంది.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకు స్థానం కల్పించింది. వారు ఇరుపక్షాలను కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, రాజీకి దారి వెతుకుతారు. ఆదేశాలిచ్చే అధికారం వారికి లేదు. తీర్పు న్యాయమూర్తిదే. అయితే ఆయనకు కూడా చట్టం మొదట అప్పగించిన పని తీర్పు కాదు, సయోధ్యకు ప్రయత్నించడం. రాజీకి అవకాశం కనిపిస్తే విచారణను వాయిదా వేయవచ్చు. ఈ న్యాయస్థానంలో వకీలును పెట్టుకోవడం కక్షిదారుల హక్కుగా లేదు. న్యాయమూర్తి అనుమతి కావాలి. భార్యాభర్తల మాటను నేరుగా వినాలన్నదే ఇందులోని భావం. ఇంటి గుట్టు నలుగురిలో పడకూడదనుకుంటే, ఇరువురిలో ఏ ఒక్కరు కోరినా విచారణను ఆంతరంగికంగా జరపాలి. ఈ సంగతి తెలియకనే ఎందరో ఆడపిల్లలు సిగ్గుతో నోరు విప్పలేకపోతున్నారు.

ఇరుపక్షాలనూ వినడం మనకు కొత్త నీతి కాదు. హజ్రత్ అలీ (రజి)ను యమన్‌కు న్యాయాధికారిగా పంపినప్పుడు, మొదటివాని వాదన విన్నట్లే రెండవవాని వాదన కూడా వినేవరకు తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. దంపతుల మధ్య విభేదం ముదురుతుందన్న భయం కలిగితే అతని కుటుంబం నుండి ఒకరిని, ఆమె కుటుంబం నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించాలని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 35వ ఆయత్ బోధిస్తోంది.

వినేవారి హద్దులు ఏమిటో తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న ఒక ఖులా వివాదంలో స్పష్టం చేసింది. ఖులా పత్రాన్ని సవాలు చేసిన భర్తకు కుటుంబ న్యాయస్థానంలో చుక్కెదురైంది. ఆయన అప్పీలును హైకోర్టు కూడా తోసిపుచ్చింది. ముఫ్తీ అభిప్రాయం సలహా మాత్రమేనని, దానికి న్యాయస్థానపు తీర్పుకున్న బలం లేదని చెప్పింది. విషయం కుటుంబ న్యాయస్థానానికి వచ్చినప్పుడు అక్కడి న్యాయమూర్తి భార్య ఖులా కోరిందా, సయోధ్యకు ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇచ్చే ప్రస్తావన వచ్చిందా అన్నవి పరిశీలిస్తే చాలునని, సుదీర్ఘ విచారణ అవసరం లేదని పేర్కొంది. భర్త సమ్మతి విషయంలో ఫిఖ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. సలహా చెప్పేవారు వేరు, తీర్పు చెప్పేవారు వేరు అన్న సత్యాన్ని మన కుటుంబాలు గ్రహించాలన్నదే మా ఉద్దేశం.

మరొక హెచ్చరిక. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ న్యాయస్థానపు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. అందుచేత ‘పెద్దలు చెబుతున్నారు కదా’ అని చదవకుండా సంతకం చేయకూడదు. తెలుగో ఇంగ్లీషో రానివారు తమకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడగాలి. అడగడం అగౌరవం కాదు. వకీలుకు ఇచ్చే స్తోమత లేదని వెనుదిరగనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

చివరగా ఆ తల్లిని మేము ఒక ప్రశ్న అడిగాము. “కోర్టుకు వెళ్లకముందు ఇరువైపుల పెద్దలు ఒక్కసారైనా ఒకచోట కూర్చున్నారా?” ఆమె తల వంచుకున్నారు. “లేదు. ఫోన్లలోనే మాటలు పెరిగాయి” అన్నారు. రెండు కుటుంబాలూ పరస్పరం వినవలసిన మాటలను ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక కౌన్సెలర్ వినవలసి వచ్చింది!

కొట్టడం, హింసించడం ఉన్నచోట రాజీ పేరుతో ఆడపిల్లను తిరిగి అదే ఇంటికి నెట్టడం న్యాయం కాదు. అక్కడ మొదట కావలసింది రక్షణ. కాని అపార్థాలు, అహంకారాలు మాత్రమే అడ్డుగా నిలిచినచోట, ఇరువైపుల నుండి అల్లాహ్‌కు భయపడే ఒక్కొక్కరు కూర్చుని, తమవారి తప్పును కూడా వినగలిగితే ఎన్నో కాపురాలు నిలబడతాయి. మన పిల్ల మాట విన్న చెవితోనే ఎదుటివారి పిల్లవాని మాట కూడా వినే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.