ముందు బోల్తా పడటం నేర్చుకోండి

"మా అబ్బాయికి పదహారేళ్ళు. ఈత వచ్చు. ఈత కొలనులో కయాకింగ్ నేర్పే తరగతిలో చేరతానంటున్నాడు. మొదటిరోజే పడవను తలకిందులు చేసి, నీళ్ళలోంచి బయటికి రమ్మంటారట. ఇదేం చదువు డాక్టరుగారూ? పంపమంటారా?" అని హిమాయత్‌నగర్ నుంచి ఒక తల్లి రాశారు.

తప్పక పంపండి. ఆమె భయం సహజమే. కాని ఆ తరగతిలో అన్నిటికంటె ముఖ్యమైన పాఠం అదే. తెడ్డు వేయడం కాస్త సాధనతో ఎవరికైనా పట్టుబడుతుంది. పడవ తిరగబడినప్పుడు కంగారు పడకుండా ఉండటం మాత్రం తేటనీళ్ళ కొలనులో, గురువు పక్కన నిలబడి ఉండగానే నేర్చుకోవాలి. చెరువు మధ్యలో నేర్చుకునే విద్య కాదది.

కయాక్ అంటే సన్నని, తేలికైన పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్ళు చట్రానికి సీలు జంతువు తోలు బిగించి దీన్ని చేసుకునేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో ఈ పడవ పందేలు చేరాయి. కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రేకులున్న తెడ్డుతో నడుపుతారు. కొన్ని పడవల్లో పైనే కూర్చుంటారు. అవి తిరగబడితే మనిషి విడివడి నీళ్ళలో పడతాడు. మరికొన్నిటిలో నడుము వరకూ లోపలికి దిగాలి. నీళ్ళు రాకుండా నడుము చుట్టూ ఒక తొడుగు బిగిస్తారు. ఈ రకం బోల్తా పడితే తల కిందికీ, కాళ్ళు పైకీ అవుతాయి. అప్పుడు బయటపడే పద్ధతి ఇది: ముందుకు వంగి, తొడుగు ముందున్న పట్టీని పట్టుకుని లాగాలి. రెండు చేతులూ నడుము పక్కన పడవ అంచులకు ఆనించి, పంట్లాం విడిచినట్టు పడవను కాళ్ళనుంచి తోసెయ్యాలి. ముక్కుతో మెల్లగా గాలి వదులుతుంటే నీళ్ళు ముక్కులోకి ఎక్కవు. ఒంటిమీది తేలుడు జాకెట్టు మనిషిని పైకి తెస్తుంది.

దీనికి పట్టేది కొన్ని సెకన్లే. ఆరోగ్యవంతుడు కదలకుండా కూర్చుని అరనిమిషం ఊపిరి బిగపట్టగలడు. అంటే వ్యవధి చాలినంత ఉన్నది. దాన్ని మింగేసేది భయం. భయంతో తన్నుకునే కండరాలు ప్రాణవాయువును తొందరగా ఖర్చుచేస్తాయి, నోరు తెరుచుకుంటుంది. నాలుగైదుసార్లు సాధన చేస్తే ఆ కంగారు చాలావరకు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. కొందరు కుర్రవాళ్ళు మునగబోయేముందు గబగబా పది పదిహేనుసార్లు గట్టిగా గాలి పీలుస్తారు. ఇది ప్రమాదం. "ఊపిరి తీసుకో" అని మనని తొందరపెట్టేది ముఖ్యంగా రక్తంలో పెరిగే బొగ్గుపులుసు వాయువు. గబగబా పీల్చి వదిలితే ఆ వాయువు తగ్గిపోయి హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ప్రాణవాయువు తరిగి, మనిషి నీళ్ళలోనే స్పృహ తప్పుతాడు. మామూలుగా ఒక్క ఊపిరి తీసుకుంటే చాలు.

ఎవరు డాక్టరును అడగకుండా చేరరాదు? మూర్ఛలు వచ్చేవారు, గుండెజబ్బు ఉన్నవారు, ఉబ్బసం అదుపులో లేనివారు, చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, ఒకసారి భుజం కీలు తప్పినవారు. జ్వరం, జలుబు ఉన్న రోజున ఎవరూ దిగవద్దు. భోజనం చేసిన వెంటనే కూడా వద్దు. కడుపు నిండుగా ఉండి తలకిందులైతే వాంతి కావచ్చు.

కయాకింగులో ఎక్కువగా దెబ్బతినేది భుజం. తెడ్డు వేసేటప్పుడు మోచేతులు భుజాల ఎత్తు దాటరాదు. చేతులతోనే లాగక నడుము పైభాగమంతా తిప్పాలి. తెడ్డును పిడికిలి బిగించి పట్టుకుంటే మణికట్టు వాస్తుంది, వదులుగా పట్టుకోవాలి.

కొలనులోంచి వచ్చాక మంచినీళ్ళతో స్నానం చేయించండి. చెవిలో నీళ్ళు నిలిస్తే తల పక్కకి వంచి, తువ్వాలుతో బయట తుడిస్తే చాలు. పుల్లలు, పిన్నులు పెట్టడం, కాచిన నూనె పోయడం మానండి. నొప్పి, చీము ఉంటే వైద్యునికి చూపించండి.

కొలను పాఠం అయ్యాక పిల్లలు వికారాబాదు దగ్గరి కోటపల్లి జలాశయానికో, మరో చెరువుకో వెళ్తామంటారు. హిమాయత్‌నగర్‌కి కూతవేటు దూరాన హుస్సేన్‌సాగర్ ఉండనే ఉన్నది. అయితే కొలనుకీ చెరువుకీ తేడా ఉంది. చెరువులో గాలి, లోతు, నాచు ఉంటాయి. మురుగు కలిసిన నీళ్ళలో, పుండ్లూ గాయాలూ ఉన్నప్పుడు దిగరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. నీళ్ళలో దిగిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం కనిపిస్తే, ఎక్కడ దిగిందీ వైద్యునితో చెప్పండి.

ఈత వచ్చినా తేలుడు జాకెట్టు తప్పనిసరి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జాకెట్టు పడవలో ఉంటే లాభం లేదు, ఒంటిమీద ఉండాలి. బొత్తాలూ పట్టీలూ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి పైకి జారితే పెద్దదన్నమాట; మార్చండి.

ఆఖరిది అందరూ తెలుసుకోవలసినది. మునిగినవాణ్ణి గట్టుకు తెచ్చాక తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకండి. విలువైన నిమిషాలు పోతాయి. పిలిచినా పలకక, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందుగా నోట్లోకి గాలి ఊదండి. ఆపైన ఛాతీ మధ్య రెండు అరచేతులతో, పెద్దవాళ్ళకైతే 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కండి. 30 నొక్కులకి 2 ఊదులు. ఈలోగా మరొకరు 108కి ఫోను చెయ్యాలి. ఊపిరి వచ్చేదాకా, లేదా సహాయం అందేదాకా ఆపవద్దు. తేరుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళ ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు.