ఖాళీ టైమ్ రేటెంత?

మన ఫెస్టుల్లో ఏ స్టాల్ దగ్గర బేరం ఎక్కువ జరుగుతుందో గమనించారా? బర్గర్ స్టాల్ దగ్గర కాదు. అక్కడ 120 అంటే 120, మారు మాట్లాడకుండా ఫోన్ తీసి స్కాన్ చేసేస్తాం. క్రోషే బొకేలు పెట్టిన బల్ల దగ్గరికి రాగానే మాత్రం అందరికీ బీసెంట్ రోడ్డు గుర్తొస్తుంది. "దారమే కదా, 350 ఏంటి? 200కి ఇచ్చెయ్." ఇలా అడగడం అన్యాయం, దానికి సరేననడం ఇంకా అన్యాయం అని నా వాదన.

ముందు ఆ బొకేలో ఏముందో చూద్దాం. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద పువ్వు. సన్న కాటన్ దారం, 1.25 ఎం.ఎం. సూది. మధ్యలో చిన్న వలయం వేసి, దాని చుట్టూ అయిదు రేకులు అల్లాలి. రేకు అంచుకి వచ్చినప్పుడు సన్న తీగని అంచు వెంట పెట్టి, దాన్ని కుట్ల లోపలే దాచేస్తూ అల్లుకుపోవాలి. అప్పుడే రేకు ఎటు వంచితే అటు నిలబడుతుంది. తీగ లేని పువ్వు మధ్యాహ్నం మూడింటికి ఎండలో మల్లెపువ్వులా తల వాల్చేస్తుంది. అల్లుతున్నంతసేపూ తీగ దారానికి అడ్డుపడుతూనే ఉంటుంది, కొసలు వేళ్ళకి గుచ్చుకుంటాయి. చివర్న కొసలు రెండూ మెలేసి, ఆకుపచ్చ టేపు చుట్టాలి. ఆ టేపు సాగదీస్తేనే అంటుకుంటుంది, మరీ లాగితే తెగుతుంది.

నా చేతి వేగంతో పువ్వుకి అరగంట. తొమ్మిది పువ్వులకి నాలుగున్నర గంటలు, ఆకులు, కట్టడం, పేపర్ చుట్టడం ఇంకో గంటన్నర. మొత్తం ఆరు గంటలు. సామాను 110 రూపాయలు. 350కి అమ్మితే గంటకి 40 రూపాయలు మిగులుతాయి. 200కి ఇచ్చేస్తే గంటకి 15. క్యాంటీన్‌లో ఒక టీ.

"ఆన్‌లైన్‌లో 199కే ఉంది, మిషన్ మీద చేస్తారేమో" అంటారు. మెకానికల్ వాళ్ళు ఈ ముక్క శ్రద్ధగా చదవాలి. స్వెటర్ అల్లే మిషన్‌లో సూదులన్నీ వరసగా ఉంటాయి, ఏ లూప్ ఎక్కడుందో మిషన్‌కి ముందే తెలుసు. క్రోషేలో అలా కాదు. ఒకే సూది, అల్లేసిన ముక్కలో ఎక్కడో ఉన్న కంతని వెతికి, అందులో దూరి, దారం లాక్కుని రావాలి. ప్రతి కుట్టుకీ కోణం మారుతుంది. ల్యాబుల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి గానీ, ఇలాంటి పువ్వుని అల్లి చేతికిచ్చే మిషన్ ఫ్యాక్టరీలకి ఇంకా రాలేదు. మాల్‌లో క్రోషే అని కనిపించేది చాలాసార్లు మిషన్ మీద నేసిన నకలు. అసలుదైతే ఎవరో చేత్తో అల్లిందే. అంటే 199 బొకే వెనక కూడా ఒక మనిషి ఉంది. ఆమెకి గంటకి ఎంత పడిందో లెక్కేసుకోండి.

ఇది మనకి కొత్త కథ కూడా కాదు. విజయవాడలో రైలెక్కి గుడివాడ, భీమవరం మీదుగా లైను చివరిదాకా వెళ్తే నర్సాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లికే అక్కడ లేసు పరిశ్రమ అయింది, విదేశాలకి వెళ్ళింది. 2024లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. ఆ అల్లేవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం రాసింది. అక్కడి ఆడవాళ్ళు ఇంటి చాకిరీ చేసుకుంటూనే రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవాళ్ళు. అయినా వాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పనిగానే చూశారు. ఆ ఒక్క మాట చాటున కూలి అంత తక్కువకి ఇవ్వగలిగారని ఆమె వాదన. ఏజెంట్లు, ఎగుమతిదారులు బాగుపడ్డారు.

ఇప్పుడు మన హాస్టల్‌కి రండి. స్టాల్ పెట్టిన అమ్మాయిని ధర అడిగితే ముందు ఏమంటుంది? "ఏదో ఖాళీ టైమ్‌లో చేశానక్కా, మీకు తోచినంత ఇవ్వండి." అదే మాట! ఇంటర్నల్స్ మధ్య రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని అల్లింది ఖాళీ టైమ్ ఎలా అవుతుంది? మనలో ఒకరు వెబ్‌సైట్ చేసిపెడితే గంటల లెక్కన అడుగుతారు, అదేమీ సిగ్గు కాదు. సూది పట్టుకుంటే మాత్రం మొహమాటం.

"హాబీ కదా, ఇష్టంతో చేసినదానికి లెక్కలేంటి" అనే వాళ్ళకి నా జవాబు ఒకటే. ఇష్టంతో అయితే ఊరికే ఇచ్చేద్దాం. ఫ్రెండ్ పుట్టినరోజుకి నేనూ అలాగే ఇస్తాను, పైసా తీసుకోను. కానీ అమ్మకానికి పెట్టి గంటకి 15 రూపాయలకి దిగితే, దెబ్బ మనకొక్కరికే కాదు. పాకెట్ మనీ కోసం అల్లే మనం 200 అంటే, ఇన్‌స్టాలో ఇవే పువ్వులు అమ్మి ఇల్లు గడుపుకునే పాలకొల్లు అక్క 350 ఎలా అడుగుతుంది?

(మరో సంగతి. అందరం ట్యూలిప్‌లు, లావెండర్లే ఎందుకు అల్లుతున్నాం? కనకాంబరం అల్లి చూడండి, ఆ రంగుకి చూసినవాళ్ళు ఆగిపోతారు.)

వచ్చే ఫెస్ట్‌కి క్రోషే స్టాల్ పెట్టేవాళ్ళకి నా సూచన: చీటీ మీద ధరతో పాటు గంటలు కూడా రాయండి. 'తొమ్మిది పువ్వులు, ఆరు గంటలు, 350.' ఇక కొనేవాళ్ళు బేరమాడాలనుకుంటే, అందులో ఏ గంటకి డబ్బులు ఇవ్వరో చూపించి అడగండి.