ఫిట్జ్‌రాయ్‌ని ఆ ఒక్క సభతో కొలవొద్దు

రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అంటే డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడకు కెప్టెన్. 1860లో ఆక్స్‌ఫర్డ్ సభలో బైబిల్ పైకెత్తి పరిణామ సిద్ధాంతాన్ని ఖండించిన ఛాందసుడు. డార్విన్‌ని ఓడెక్కించుకున్నానన్న కుమిలిపాటుతోనే 1865లో ఆత్మహత్య చేసుకున్నాడట! ఆయన గురించి ఎక్కువగా వినిపించే కథ ఇదే. ఇంతటి అన్యాయం ఇంకోటి లేదు.

చివరి రోజుల్లో ఆయన్ని చుట్టుముట్టినవి వేరు. ఎప్పుడో బీగిల్ యాత్రలో సర్వే కోసం సొంత డబ్బుతో ఇంకో ఓడ కొంటే నౌకాదళం పైసా తిరిగివ్వలేదు. అప్పులు, అనారోగ్యం, పని భారం, పైగా పత్రికల ఎత్తిపొడుపులు. మేనమామా ఆత్మహత్య చేసుకున్నవాడే. వీటన్నిటినీ పక్కనపెట్టి డార్విన్‌ని కారణం చెయ్యడం కథకి అందం తెస్తుందేమో గానీ, నిజం కాదు.

ఆయన తప్పులు చెయ్యలేదని నేననను. దక్షిణ అమెరికా కొసనున్న తియెర్రా డెల్ ఫ్యూగో నుంచి నలుగురు స్థానికుల్ని ఇంగ్లండుకు పట్టుకుపోయారు, వాళ్లలో ఒకరు మశూచితో పోయారు. దాన్ని సమర్థించలేం. కానీ అదే మనిషి న్యూజిలాండ్ గవర్నరుగా వెళ్లి, 1843లో స్థానిక మావోరీలతో జరిగిన వైరావ్ ఘర్షణలో తెల్లవాళ్లు ఇరవైమందికి పైగా చనిపోయినా, తప్పు భూమి కోసం ఆయుధాలతో వెళ్లిన తెల్లవాళ్లదేనని తేల్చి చెప్పారు. వలసదారులు మండిపడ్డారు. 1845లో పదవి పోయింది.

అసలు సంగతి ఆ తర్వాతది. 1859 అక్టోబరులో ఆస్ట్రేలియా నుంచి వస్తున్న రాయల్ చార్టర్ ఓడ, లివర్‌పూల్ చేరబోతూ ఆంగ్లెసీ తీరాన తుపానులో బద్దలైంది. నాలుగువందల మందికి పైగా పోయారు. అప్పటికే వాతావరణ శాఖ నడుపుతున్న ఫిట్జ్‌రాయ్ ఆ విషాదం తర్వాత తీర కేంద్రాల నుంచి రోజూ గాలి, పీడనం లెక్కలు టెలిగ్రాఫ్‌లో తెప్పించుకున్నారు. 1861 ఫిబ్రవరి నుంచి తుపాను రాబోతోందంటే రేవులకు ముందే కబురు వెళ్లేది. అక్కడ స్తంభానికి నల్ల గుడ్డ తొడిగిన శంకువు ఎక్కించేవారు. మొన పైకుంటే ఉత్తరపు గాలి, కిందికుంటే దక్షిణపు గాలి. తోడుగా డోలులాంటిది కూడా వేలాడితే గాలి మరీ ఉధృతమని. చదువురాని జాలరికీ అర్థమయ్యే భాష అది. వాయుగుండం పడిందంటే కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారని అడిగే మనకు దాని విలువ వేరే చెప్పాలా?

అంచనాలు తప్పేవి, నిజమే. అది పట్టుకునే ఎగతాళి చేశారు. ఆయన పోయాక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ కమిటీ ఈ పనికి శాస్త్రీయ పునాది లేదని తేల్చింది. 1866 డిసెంబరులో హెచ్చరికలు ఆపేశారు. అప్పుడు మాకవి కావాలని అడిగింది పండితులు కాదు, సముద్రం మీద బతికేవాళ్లు. మరుసటి ఏడాదే ప్రభుత్వం దిగొచ్చి తుపాను హెచ్చరికల్ని మళ్లీ మొదలుపెట్టింది.